పాత బండి ఇంజన్ సద్దు: విప్పకముందే ఎక్కడిదో తేల్చుకోవడం ఎట్లా

సెకండ్‌హ్యాండ్ బండిలో కొత్తగా ఏదైనా సద్దు మొదలైతే చాలామంది చెవిన పడే మొదటి మాట "ఇంజన్ పోయింది, ఫుల్ పని పడుతుంది" అని. ఎన్నోసార్లు అది ట్యాపెట్ (వాల్వును నొక్కే చోట సర్దుకునే మర) సందు పెరగడమో, సైలెన్సర్ మెడ దగ్గర గ్యాస్కెట్ కాలిపోవడమో, ఎక్కడో ఒక బోల్టు వదులవడమో అయి ఉంటుంది. ఇంకోపక్క క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) దగ్గర నిజంగానే కొట్టుకుంటున్న బండిని "ట్యాపెట్లేలే" అనుకుని తిప్పేవాళ్ళూ ఉన్నారు. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే రాడ్డు విరిగితే ఇంజన్ కేసును పగలగొట్టుకుని బయటికొస్తుంది. తర్వాత ఆ ఇంజన్ తూకానికే పనికొస్తుంది.

ఈ రెండింట్లో మీ బండిది ఏదో తెలుసుకోవడానికి ఇంజన్ విప్పే పని లేదు. సద్దు ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు తగ్గుతోంది, ఏ పక్క గట్టిగా ఉంది అన్నవి ఓపిగ్గా చూడాలి. ఖర్చు లేని కారణాలన్నీ పక్కకు తీసేశాకే పెద్ద పని గురించి ఆలోచించాలి. ఈ వరుస తప్పితేనే డబ్బు పోతుంది. ఇక్కడ చెప్పేది ఎక్కువగా మన ఊళ్ళలో తిరిగే సీడీ 100, స్ప్లెండర్, ప్యాషన్, డిస్కవర్, పల్సర్ లాంటి సింగిల్ సిలిండర్ ఫోర్‌స్ట్రోక్ బండ్ల గురించి. ఆర్‌ఎక్స్ 100, పాత బుల్లెట్ సంగతి చివర్లో.

చేతికి కావలసినవి తక్కువే: పొడవాటి స్క్రూడ్రైవర్, ప్లగ్ స్పానర్, రింగ్ స్పానర్లు, ఫీలర్ గేజి (సందు కొలిచే సన్నటి రేకులు), ట్యాపెట్ కీ, టార్చి, చిన్న అయస్కాంతం. తలుపులు మూసిన గదిలో ఇంజన్ నడపొద్దు, పొగలో ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. లుంగీ, తువ్వాలు, వదులు చొక్కా చైనుకు అందకుండా సర్దుకోండి.

పొద్దున్నే, చల్లటి ఇంజన్ మీద

సద్దు వినడానికి మంచి సమయం తెల్లవారుజాము. రాత్రంతా నిలబడిన ఇంజన్‌లో ఆయిల్ అంతా కిందికి దిగి ఉంటుంది. మొదటి కిక్కు నుంచి ఐదు నిమిషాల వరకు ఇంజన్ ఎన్నో సంగతులు చెబుతుంది. స్టార్ట్ చేసిన రెండు మూడు సెకన్లలోనే పోయే గలగల, వేడెక్కాక తగ్గే కటకట, వేడెక్కేకొద్దీ పెరిగే డబడబ, ఈ మూడూ మూడు వేరు వేరు జబ్బులు. వేడి ఇంజన్ మీద మాత్రమే విన్నవాళ్ళు మొదటి రెండూ పట్టుకోలేరు.

బండి కొనబోతుంటే ఇది ఇంకా ముఖ్యం. పొద్దున పోయి ముందు బ్లాకు మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. "సాయంత్రం వస్తాను, అంతవరకు కదపొద్దు" అని చెప్పి వచ్చేయండి. ఇంకో పని కూడా చేస్తుంటారు: 10డబ్ల్యూ-30 పోయాల్సిన ఇంజన్‌లో 20డబ్ల్యూ-50నో, అంతకన్నా చిక్కటి గేర్ ఆయిల్‌నో పోస్తారు. చిక్కటి ఆయిల్ కొన్నాళ్ళు సద్దును మింగేస్తుంది. డిప్‌స్టిక్ తీసి వేళ్ళ మధ్య రుద్దితే తెలిసిపోతుంది, చల్లటి ఇంజన్‌లో అది జిగటగా సాగుతుంది. ఐడ్లింగ్ కావాలని పెంచి పెట్టినా అనుమానించాలి. స్ప్లెండర్‌కు ఐడ్లింగ్ సుమారు 1400 ఆర్‌పీఎం ఉంటే చాలు.

అన్నిటికన్నా ముందు ఆయిల్

ఆయిల్ చూడకుండా సద్దు గురించి మాట్లాడడం దండగ. ఆయిల్ తక్కువైతే ట్యాపెట్లూ, టైమింగ్ చైనూ (క్రాంకు నుంచి వాల్వుల వైపు నడిచే లోపలి చైను), క్రాంకూ అన్నీ ఒకేసారి మోగుతాయి. దాంట్లో ఏది అసలు, ఏది కొసరు అని ఎవరూ చెప్పలేరు.

హోండా తరహా ఇంజన్‌లో ఆయిల్ కొలిచే పద్ధతి ఇది. సెంటర్ స్టాండ్ వేసి బండిని నిటారుగా నిలబెట్టండి. మూడు నిమిషాలు నడిపి ఆపండి, ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగండి. డిప్‌స్టిక్ తుడిచి, మరలు తిప్పకుండా ఊరికే రంధ్రంలో ఆనించి తీయండి. ఆయిల్ పై గీతకూ కింది గీతకూ మధ్య ఉండాలి. చాలామంది మరలు పూర్తిగా బిగించి కొలుస్తారు. అప్పుడు ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది, బండి ఆయిల్ లేకుండానే తిరుగుతుంది. కొన్ని మోడళ్ళలో డిప్‌స్టిక్‌కు బదులు పక్కన గాజు కన్ను ఉంటుంది, అక్కడ కూడా బండి నిటారుగా ఉండడమే ముఖ్యం.

గీత కన్నా తక్కువ ఉంటే మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ పోసి, మళ్ళీ వినండి. డబ్బా మీద జేఏఎస్‌ఓ ఎంఏ అని రాసి ఉండాలి. బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి కాబట్టి, కార్లకు పోసే జారుడు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. అదో కొత్త తంటా.

ఆయిల్ మార్చే టైమొచ్చిన బండి అయితే వేడిగా ఉన్నప్పుడే డ్రెయిన్ బోల్టు తీసి, శుభ్రమైన తెల్లటి పళ్ళెంలోకి వంచండి. టార్చి పక్క నుంచి వేసి చూడండి. ఆయిల్‌లో సన్నటి వెండి మెరుపు కలిసి ఉంటే పిస్టన్ అరుగుతోంది. బంగారు రంగు రేకులు కనిపిస్తే బుష్షో, బేరింగ్ గూడో తింటోంది. అయస్కాంతానికి అంటుకునే ఉక్కు పలుకులు గేర్ల నుంచో బేరింగుల నుంచో వస్తాయి. నల్లటి రబ్బరు తునకలు టైమింగ్ చైను రోలర్‌వి. డ్రెయిన్ బోల్టుకు కాస్త నల్లటి బురద లాంటి పొడి అంటుకోవడం పాత బండిలో మామూలే, గోటికి గరుకుగా తగిలే ముక్కలు మాత్రం మామూలు కాదు. ఈ ఒక్క పళ్ళెం ఒక్కోసారి గంటసేపు వినడం కన్నా ఎక్కువ చెబుతుంది.

ఇంజన్‌వి కాని చప్పుళ్ళు

ఇంజన్ నడుస్తుండగా ఒక్కో వస్తువును గట్టిగా పట్టుకుని చూడండి: చైన్ కవరు, శారీగార్డు, లెగ్‌గార్డు, నంబర్ ప్లేటు, సైడ్ స్టాండు స్ప్రింగు, టూల్ బాక్సు మూత. సైలెన్సర్ రేకు కాలుతుంది, దాన్ని మందపాటి గుడ్డతో గానీ కర్రతో గానీ నొక్కండి. పట్టుకోగానే సద్దు ఆగితే దొంగ దొరికినట్టే. ఇంజన్ మౌంటింగ్ బోల్టులన్నిటికీ ఒకసారి స్పానర్ వేయండి. ఒక్కటి వదులైనా ఫ్రేము అంతా మోగి, కిందనుంచి పెద్ద దెబ్బ వస్తున్నట్టు వినిపిస్తుంది. ఏర్ కూల్డ్ బ్లాకు మీద ఫిన్లు కూడా ఒక వేగంలో సన్నగా మోగుతాయి. ఫిన్ల మధ్య కంపెనీ పెట్టిన రబ్బరు ముక్కలు ఎండి రాలిపోతే ఇట్లా అవుతుంది, కొత్తవి దూర్చితే సరి.

బండి కదిలినప్పుడే వచ్చి, న్యూట్రల్‌లో ఎంత రేజ్ చేసినా రాని సద్దు ఎక్కువగా చైను సెట్టుది. సెంటర్ స్టాండ్ మీద వెనక చక్రం చేత్తో తిప్పుతూ నాలుగైదు చోట్ల చైను వదులు చూడండి. నూరు సీసీ బండ్లకు కింది చైను మధ్యలో పైకీ కిందికీ 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడితే చాలు. ఒకచోట బిగుతు, ఇంకోచోట వదులు ఉంటే చైను సమంగా సాగలేదు, ఎంత బిగించినా మోగుతూనే ఉంటుంది. సెట్టు మార్చాల్సిందే. ముందు స్ప్రాకెట్ చేత్తో పట్టి ఊపి చూడడం మరవొద్దు.

ఇక సైలెన్సర్ మెడ. ట్యాపెట్ సద్దు అని పొరబడేవాటిలో దీన్ని మించింది లేదు. పోర్టు దగ్గర గ్యాస్కెట్ కాలిపోతే ప్రతి పేలుడుకూ "చట్ చట్" అని గాలి బయటికి కొడుతుంది, అచ్చం టిక్ టిక్‌లాగే ఉంటుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన వెంటనే, మెడ వేడెక్కకముందే, జాయింటుకు కాస్త ఎడంగా అరచెయ్యి తిప్పి చూడండి. గాలి ఉఫ్ ఉఫ్ మని తగులుతుంది. తర్వాత మందపాటి తడిగుడ్డతో సైలెన్సర్ కొసను ఒకటి రెండు సెకన్లు సగం మూయించండి. చట్ చట్ గట్టిపడితే లీకు ఖాయం. జాయింటు చుట్టూ మసి గీతలు కూడా సాక్ష్యం. కొత్త రాగి రింగు వేసి, రెండు నట్లనూ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి. ఒకదాన్నే పూర్తిగా బిగిస్తే ఫ్లాంజి వంకరపోయి మళ్ళీ లీకవుతుంది.

ప్లగ్ వదులైనా "తుస్ తుస్" వస్తుంది, ప్లగ్ మొదట్లో జిడ్డు మసి పట్టి ఉంటుంది. చీకట్లో ఇంజన్ నడుపుతూ ప్లగ్ క్యాపు వైపు చూడండి. నీలం మిణుగురు కనిపిస్తే ఆ టిక్ టిక్ కరెంటు లీకుది.

స్క్రూడ్రైవర్‌తో వినడం

పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవి ముందున్న ఎముకకు నొక్కి పట్టుకోండి. మెకానిక్ స్టెతస్కోపు ఉంటే ఇంకా మంచిది. ఆరు చోట్ల వినాలి: హెడ్డు మీద రెండు ట్యాపెట్ మూతలు, టైమింగ్ చైను నడిచే పక్క, బ్లాకు నడుము, కింద మ్యాగ్నెట్ (క్రాంకు కొసన కరెంటు పుట్టించే చక్రం) కవరు, కుడివైపు క్లచ్ కవరు. నూరు సీసీ హీరో హోండా ఇంజన్‌లో టైమింగ్ చైను ఎడమవైపు మ్యాగ్నెట్ పక్కనే ఉంటుంది. లోహం సద్దును అంతటా పాకిస్తుంది కాబట్టి వినపడిందా లేదా అని చూడొద్దు, ఎక్కడ అన్నిటికన్నా గట్టిగా ఉందో పోల్చి చూడండి.

లయ కూడా పట్టించుకోవాలి. క్రాంకు రెండు చుట్లు తిరిగితే వాల్వులను తెరిచే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. 1400 ఆర్‌పీఎం దగ్గర ఒక ట్యాపెట్ నిమిషానికి 700 సార్లు కొడితే, పిస్టన్, రాడ్డు వైపు దెబ్బ 1400 సార్లు పడుతుంది. ఐడ్లింగ్ స్క్రూ తిప్పి ఇంజన్‌ను ఆగిపోయేంత నెమ్మదికి తెస్తే ఈ తేడా చెవికి అందుతుంది. సైలెన్సర్ పేలుళ్ళతో కలిసి ఒక్కొక్కటిగా పడితే అది పైభాగానిది, పేలుడుకు రెండు చొప్పున పడితే కిందిది. విన్నాక స్క్రూ మళ్ళీ యథాస్థానానికి తిప్పండి. నెమ్మది ఐడ్లింగ్‌లో ఆయిల్ పంపు కూడా నెమ్మదిస్తుంది.

ట్యాపెట్లు

హెడ్డు మీద సన్నగా, తేలిగ్గా, లెక్క తప్పకుండా టిక్ టిక్ అంటుంటే ట్యాపెట్. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా ఉంటుంది, రేజ్ చేస్తే వేగం పెరుగుతుంది తప్ప బరువు పెరగదు. దీనితో బండి ఆగిపోదు. ఒక పొద్దున కూర్చుని సరిచేసుకోవచ్చు.

ట్యాపెట్ ఎప్పుడూ చల్లటి ఇంజన్ మీదే కొలవాలి. హోండా మాన్యువళ్ళు ఇంజన్ 35 డిగ్రీల లోపు ఉండాలంటాయి. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురం, కర్నూలు ఎండలో మధ్యాహ్నం నీడన ఉన్న ఇంజన్ కూడా అంతకన్నా వేడిగా ఉంటుంది. కాబట్టి ఈ పని పొద్దున ఆరింటికే ముగించండి.

ప్లగ్ తీసేస్తే ఇంజన్ తేలిగ్గా తిరుగుతుంది. ఎడమ కవరు మీదున్న రెండు గుండ్రటి మూతలు తీయండి. మధ్య రంధ్రంలోంచి మ్యాగ్నెట్ నట్టుకు సాకెట్ వేసి, అపసవ్యంగా, అంటే గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పండి. పై రంధ్రంలో "టీ" గుర్తు కేసు మీది గుర్తుకు ఎదురుగా రావాలి. "ఎఫ్" గుర్తు నిప్పు టైమింగ్‌ది, దాన్ని పట్టించుకోవద్దు. ఇప్పుడు హెడ్డు మీది రెండు ట్యాపెట్ మూతలు తీసి రాకర్లను (వాల్వులను నొక్కే చిన్న చేతులు) వేళ్ళతో కదపండి. రెండూ కొంచెం ఆడితే సరైన చోట ఉంది. ఏదైనా బిగుసుకుని ఉంటే ఎగ్జాస్ట్ స్ట్రోకులో ఉన్నట్టు, ఇంకో పూర్తి చుట్టు తిప్పండి.

సీడీ 100, పాత స్ప్లెండర్లకు రెండు వాల్వులకూ సందు 0.05 మిల్లీమీటర్లు. మోడల్ మారితే కొలత మారుతుంది, చాలా బండ్లలో ఎగ్జాస్ట్‌కు ఇంటేక్ కన్నా ఎక్కువ ఉంటుంది, మాన్యువల్ చూసుకోండి. 0.05 రేకు కొంచెం పట్టు తగులుతూ జారాలి, 0.10 రేకు దూరకూడదు. లాక్‌నట్ వదులు చేసి, అడ్జస్టర్‌ను ట్యాపెట్ కీతో పట్టుకుని తిప్పి సందు కుదర్చండి. కీ కదలకుండా ఉంచే లాక్‌నట్ బిగించాలి. బిగించాక రేకు మళ్ళీ పెట్టి చూడండి, నట్టు బిగుసుకునేటప్పుడే సందు మారిపోవడం చాలా మామూలు.

కొలత సరిగ్గా ఉన్నా టిక్ టిక్ పోకపోతే కొలిచినవాళ్ళ తప్పు కాకపోవచ్చు. పాత అడ్జస్టర్ మొన, వాల్వు తల అరిగి మధ్యలో గుంట పడుతుంది. చదునైన రేకు గుంట అంచుల మీద ఆగి 0.05 చూపిస్తుంది, లోపల అసలు సందు అంతకన్నా ఎక్కువ. టార్చి వేసి అడ్జస్టర్ మొన చూస్తే గుంట కనిపిస్తుంది. రాకర్ అడుగు, క్యామ్ మొగ్గ గీరుకుపోయి ఉంటే రెండూ కలిపి మార్చాలి, ఒకటే మారిస్తే పాతది కొత్తదాన్ని తినేస్తుంది. మూత తీసినప్పుడు రాకర్ తాజా ఆయిల్‌తో తడిగా లేకుండా గోధుమరంగు పొట్టులాగా ఎండి ఉంటే, ఆయిల్ పైకి ఎక్కడం లేదు. పంపు, జల్లెడ, కుడి కవరు లోపలి ఫిల్టరు శుభ్రం చేయకుండా కొత్త క్యామ్ వేయడం డబ్బు పారబోయడమే.

ఒకటి గట్టిగా చెప్పాలి: సద్దే లేని ట్యాపెట్ మంచి ట్యాపెట్ కాదు. టిక్ టిక్ వినపడకుండా అడ్జస్టర్ బిగించేస్తే ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకుని సీటుకు ఆనినప్పుడే వాల్వు తన వేడి దింపుకుంటుంది. ఆనకపోతే అంచు కాలిపోతుంది. వేడిగా ఉన్నప్పుడు స్టార్ట్ కాకపోవడం, కిక్కు మెత్తగా దిగిపోవడం దాని గుర్తులు. అమ్మకానికి పెట్టిన పాత బండి ఇంజన్ మరీ నిశ్శబ్దంగా ఉంటే, పది కిలోమీటర్లు నడిపి ఆపి, వేడి మీద కిక్కు బరువు చూడండి.

టైమింగ్ చైను

ఎడమవైపు గలగల, జరజర. సగం రేజ్ చేసి యాక్సిలరేటర్ వదిలేసిన క్షణంలో మరీ గట్టిగా. పొద్దున స్టార్ట్ చేసిన రెండు సెకన్లు మాత్రమే వచ్చి పోతే టెన్షనర్‌లోకి (చైనును బిగుతుగా పట్టే భాగం) ఆయిల్ నిండేంతవరకే, తొందర లేదు. వేడెక్కాక కూడా ఉంటే పని ఉంది.

నూరు సీసీ హీరో హోండాలో టెన్షనర్ పుష్‌రాడ్‌ను కింద స్ప్రింగూ, ఆయిల్ ఒత్తిడీ కలిసి నెడతాయి. స్ప్రింగు మెత్తబడినా, పుష్‌రాడ్ కొసన రబ్బరు అరిగినా, రోలర్ రబ్బరు గట్టిపడి పగిలినా గలగల మొదలవుతుంది. చైను ఒక్కటే మారిస్తే సద్దు కొన్నాళ్ళకే తిరిగొస్తుంది. చైను, రోలర్లు, కొస రబ్బరు, స్ప్రింగు ఒకేసారి మార్చడమే మేలు. పల్సర్ లాంటి వాటిలో టెన్షనర్ బ్లాకు వెనక రెండు బోల్టులతో ఉంటుంది. దాన్ని వదులు చేసి అలాగే బిగించొద్దు. వదులు చేయగానే లోపలి మొన బయటికి దూకుతుంది, వెనక్కి తిప్పి లాక్ చేయకుండా బిగిస్తే చైను మరీ బిగిసి అరుగుతుంది. టెన్షనర్ తీసి ఉండగా ఇంజన్ తిప్పితే చైను పన్ను దాటుతుంది, తర్వాత వాల్వు పిస్టన్‌కు తగిలే ప్రమాదం ఉంది.

పిస్టన్ కటకట

బ్లాకు నడుములో, డొల్లగా, చల్లటి ఇంజన్ మీద గట్టిగా ఉండి మూడు నాలుగు నిమిషాల్లో తగ్గిపోయేది పిస్టన్ దెబ్బ. అల్యూమినియం పిస్టన్ వేడికి ఉబ్బి సందు పూడుస్తుంది కాబట్టే తగ్గుతుంది. పొగ లేకుండా, ఆయిల్ తగ్గకుండా ఉంటే ఈ సద్దుతోనే బండి చానా కాలం తిరుగుతుంది. తొందరపడి బోరుకు (సిలిండర్ లోపలి గోడను కోసి పెద్దది చేయడం) పోవద్దు.

నీలం పొగ కూడా తోడైతే లెక్క వేరు. లాగేటప్పుడు పొగ వస్తే రింగులు, దిగుడులో యాక్సిలరేటర్ మూసి మళ్ళీ తెరిచినప్పుడు గుప్పుమంటే వాల్వు సీళ్ళు. కంప్రెషన్ గేజి ఉన్న షెడ్డులో కొలిపించి, ప్లగ్ రంధ్రంలో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్ళీ కొలవమనండి. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు, పెరగకపోతే వాల్వులు.

మన దగ్గర బోరు తొందరగా అరగడానికి పెద్ద కారణం దుమ్ము. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల పాలిష్ యూనిట్ల మధ్య తిరిగే బండి, చేను గట్ల మీద తిరిగే బండి ఏర్ ఫిల్టరు మాన్యువల్ చెప్పిన గడువు వరకు ఆగదు. ఫోమ్ ఫిల్టరైతే కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, ఆయిల్ అద్ది పిండి పెట్టాలి. పేపర్ ఫిల్టరు కడగకూడదు. ఫిల్టరు డబ్బాకూ కార్బురేటర్‌కూ మధ్య రబ్బరు పగిలితే ఫిల్టరు ఉన్నా లేనట్టే.

కింది నుంచి వచ్చే దెబ్బ

వేడెక్కేకొద్దీ పెరిగే, ఫుట్‌రెస్టులో కాలికి తగిలే బరువైన డబ డబ. సగం వేగంలో యాక్సిలరేటర్ తెరిచి మూసేటప్పుడు మరీ స్పష్టం. వేడికి ఆయిల్ పలచబడి, రాడ్డు బేరింగ్‌లో సందు బయటపడుతుంది. ఇది బిగ్ ఎండ్ (రాడ్డు క్రాంకుకు తగిలే కొస) లక్షణం. అనుమానం వచ్చిన చోటే ఇంజన్ ఆపి, బండిని ఆటోలో వేసి తెచ్చుకోండి. "ఊరికి పోయేదాకా నిదానంగా పోతాంలే" అనుకోవద్దు.

అయితే క్రాంకు అని ఒప్పుకునేముందు అదే సద్దు చేసే నాలుగు చూడాలి: మ్యాగ్నెట్ నట్టు వదులు, మ్యాగ్నెట్ రివిట్లు వదులు, ప్రైమరీ గేరు (క్రాంకు నుంచి క్లచ్‌ను తిప్పేది) నట్టు వదులు, క్లచ్ నట్టు వదులు. ఇవి విప్పకుండానే క్రాంకు మార్చిన బండ్లు ఎన్నో. ఇంజన్ ఆపగానే చివరి రెండు మూడు చుట్లలో టంగ్ టంగ్ మంటే మ్యాగ్నెట్ మీద అనుమానం పెట్టుకోండి. ఎడమ కవరు తీసి (కొన్ని మోడళ్ళలో లోపల ఆయిల్ ఉంటుంది, కింద ట్రే పెట్టండి) మ్యాగ్నెట్‌ను చుట్టూ అటూ ఇటూ తిప్పి చూడండి. నట్టు కదలకుండా అది మాత్రం ఆడకూడదు. రివిట్ల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి ఉంటే లోపల కదులుతోంది. తర్వాత పైకీ కిందికీ ఎత్తి చూడండి, ఆట తగిలితే క్రాంకు మెయిన్ బేరింగ్ పోయింది. మెయిన్ బేరింగ్ సద్దు దెబ్బలా ఉండదు, వేగంతో పెరిగే గరగర రొద.

అవన్నీ గట్టిగా ఉంటే, ప్లగ్ తీసి, న్యూట్రల్‌లో పెట్టి, పిస్టన్ సగం దిగిన చోట మ్యాగ్నెట్ నట్టును సాకెట్‌తో వేలెడంత అటూ ఇటూ ఆడించండి. పిస్టన్ కదలకముందే చేతికి టక్ మని ఖాళీ తగిలితే పిన్నులోనో బిగ్ ఎండ్‌లోనో సందు ఉంది. బ్లాకు తీశాక రాడ్డును నిలువుగా పైకి లాగి కిందికి నొక్కాలి. నిలువు ఆట కొంచెం కూడా ఉండకూడదు. పక్కలకు కొంత ఆట ఉండడం సహజం, దాన్ని చూపించి రాడ్డు పోయిందంటే నమ్మొద్దు.

క్లచ్ వైపు

న్యూట్రల్‌లో ఐడ్లింగ్ మీద క్లచ్ లివర్ నొక్కండి, వదలండి. నొక్కగానే సద్దు పోతే క్లచ్ హౌసింగో, గేర్‌బాక్స్ మెయిన్ షాఫ్ట్ బేరింగో. నొక్కితేనే వస్తే రిలీజ్ బేరింగ్, అది చిన్న పనే. ఒక్క గేరులోనే గుర్రుమంటే ఆ గేరు పళ్ళు. ఐడ్లింగ్ మరీ తక్కువైనా క్లచ్ గేర్లు గలగలమంటాయి, ముందు స్క్రూ తిప్పి చూడండి.

ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే

కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు, వెనక మనిషి, మూట ఉండి, పై గేరులోనే లాగిస్తే రేకు డబ్బాలో శనగలు వేసి ఊపినట్టు సన్నగా వినిపిస్తుంది. గేరు తగ్గించగానే పోతుంది. అది వదులైన భాగాల సద్దు కాదు, పెట్రోల్ తన సమయానికి ముందే పేలడం. అలాగే లాగిస్తే పిస్టన్ తల కాలుతుంది. కారణాలు: హెడ్డులో మసి గట్టిపడడం, తప్పు నంబరు ప్లగ్, ముందుకు జరిగిన టైమింగ్, మిశ్రమంలో పెట్రోల్ తగ్గడం. ప్లగ్ మొన తెల్లగా సున్నంలా ఉంటే మిశ్రమం పలచన, ఇటుక రంగు ఉంటే బాగుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ పాత కార్బురేటర్ బండ్లలో మిశ్రమాన్ని ఇంకొంచెం పలచన చేస్తుంది. కాబట్టి జెట్లు శుభ్రంగా ఉండడం, ఇన్‌టేక్ రబ్బరు గాలి పీల్చకపోవడం ముందుకన్నా ముఖ్యం. ఈ పరీక్షకు ఘాట్ దాకా పోవద్దు, లారీల మధ్య చెవి పెట్టి వినే చోటు కాదది. ఊళ్ళో ఫ్లైఓవర్ చాలు.

ఆర్‌ఎక్స్ 100, బుల్లెట్

ఆర్‌ఎక్స్ 100 టూస్ట్రోక్, దాంట్లో ట్యాపెట్లు, టైమింగ్ చైను లేవు. పైన టిక్ టిక్ అంటే పిస్టన్ పిన్ను దగ్గరి స్మాల్ ఎండ్ బేరింగ్ చూడాలి, కటకట అంటే పిస్టన్. 2టీ ఆయిల్ పంపు పనిచేస్తోందో లేదో ముందు తేల్చుకోండి. పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో పుష్‌రాడ్లు చల్లటి ఇంజన్ మీద, కంప్రెషన్ టీడీసీ (వాల్వులు రెండూ మూసి పిస్టన్ పైకొసకు వచ్చిన చోటు) దగ్గర, వేళ్ళతో తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. యూసీఈ బుల్లెట్లలో (ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే కేసులో ఉన్నవి) హైడ్రాలిక్ ట్యాపెట్లు, సర్దే పని లేదు. స్టార్ట్ చేసిన కాసేపు టకటకమని ఆగిపోతే మామూలే.

షెడ్డుకు పోయినప్పుడు

"సద్దు వస్తాంది, చూడన్నా" అంటే మెకానిక్ అన్న కూడా ఊహించాల్సిందే. చల్లగానా వేడిగానా, పైనా కిందా, క్లచ్ నొక్కితే ఏమైంది, ఆయిల్‌లో ఏం కనిపించింది, ఇవి చెప్పండి. ఫోన్‌లో పొద్దున రికార్డు చేసిన సద్దు వినిపించండి. విప్పిన భాగాలు మీ ముందుంచమని అడగండి.

బోరు తప్పదని తేలితే పిస్టన్ ముందు కొని, ఆ పిస్టన్‌నే లేత్ దగ్గరికి తీసుకుపోవాలి. ఓవర్‌సైజు 0.25, 0.50, 0.75, 1.00 అని ఉంటుంది. చేతిలో ఉన్న పిస్టన్ కొలిచి దానికి సరిపడా బోరు చేసి హోనింగ్ పట్టాలి, నంబరు చూసి చేస్తే సందు ఎక్కువైపోయి కొత్త కిట్టు మొదటిరోజు నుంచే కటకటమంటుంది. రాడ్డు కిట్టు వేస్తే క్రాంకును డయల్ గేజి మీద సరిచూసే చోటే వేయించండి, సుత్తి దెబ్బలతో కళ్ళంచనాగా చేసేచోట వద్దు. బిగించాక మొదటి 500 కిలోమీటర్లు బరువు లేకుండా, ఒకే వేగంలో లాగించకుండా నడపండి. అక్కడ ఆయిల్ మార్చి, మరుసటి పొద్దున చల్లటి ఇంజన్ మీద ట్యాపెట్లు మళ్ళీ కొలవండి. కొత్త గ్యాస్కెట్లు అణిగాక ఆ సందు మారి ఉంటుంది.